బిగిసిన లీష్‌కి రెండు కొసలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల: మేం కుక్కని నడిపిస్తున్నామా, కుక్క మమ్మల్ని ఈడ్చుకుపోతోందా అని. అన్నిట్లోకీ పెద్ద ఉత్తరాన్ని ముందు పెట్టి దానికే ఎక్కువ చోటిస్తున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోకండి, మీ జవాబుల్లో సగం అందులోనే దొరుకుతాయి.

ప్రశ్న: రెండున్నర నెలల కిందట షెల్టర్ నుంచి ఒక పెద్ద కుక్కని తెచ్చుకున్నాం. మూడేళ్లుంటాయన్నారు. ఏ జాతో తెలీదు, చూస్తే లాబ్రడార్‌కీ ఏదో కాపలా కుక్కకీ పుట్టినట్టుంటాడు. పేరు బ్రూనో. వాడి బరువు 38 కిలోలు, నాది 54. ఇంట్లో బంగారం. మా బాబు చెవి పట్టుకున్నా ఏమీ అనడు. గేటు దాటితే మాత్రం ట్రాక్టరే, తిరిగొచ్చేదాకా ఒకటే లాగుడు. పోయిన వారం పిల్లి కనపడిందని ఒక్క గుంజు గుంజాడు, మోకాళ్ల మీద పడ్డాను, అరచేతులు దోక్కుపోయాయి. మెడకి గొలుసు వేసి నాలుగు జెర్కులిస్తే దారికొస్తాడంటారు మావారు. నాకది మనసొప్పక, వీడియోలు చూసి, లాగినప్పుడల్లా ఆగిపోవడం మొదలుపెట్టాను. నాలుగు రోజులు చేస్తే ఇంకా ఎక్కువ లాగుతున్నాడు. నాకు బలం చాలదు, ఇంత కుక్క నాకు తగదు అనిపిస్తోంది. తిరిగి ఇచ్చేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. రాయడానికే సిగ్గుగా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: సిగ్గెందుకండీ. పెద్ద కుక్కని తెచ్చుకుని, మొదటి మూడు నెలల్లో ఒక్కసారైనా "ఎందుకు తెచ్చుకున్నాం దేవుడా" అనుకోనివాళ్లు నాకింతవరకూ తగల్లేదు. నా మొదటి కుక్క నన్ను వీధి మధ్యలో బోర్లా పడేసి, లీష్‌తో సహా వెళ్లి ఎవరి ఇంటి ముందో కూర్చుని నాకోసం ఎదురు చూసింది. మోచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. అప్పటికి ఆ కుక్క బరువు మీ బ్రూనోకంటే పది కిలోలు తక్కువ.

ముందు ఈ బలం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో అసలు దిగులంతా అక్కడుంది. మంచు మీద బండ్లు లాగే సైబీరియన్ హస్కీలున్నాయి కదా, వాటిలో మగవి కూడా మామూలుగా 27 కిలోలు దాటవు. బ్రూనో వాటికంటే పెద్దవాడు. నాలుగు కాళ్లు, నేలకి దగ్గరగా బరువు, పట్టుకోడానికి గోళ్లు. మీకున్నవి రెండు కాళ్లు, పైగా చెప్పులు. ఈ పోటీలో మీరే కాదు, మీవారు దిగినా ఓడిపోతారు, కాస్త ఆలస్యంగా అంతే. అంచేత బలంతో పని జరగదు అన్నది మీ ఒక్కరి సమస్య కాదు, ఎవరికైనా అంతే. చిన్న కుక్కలవాళ్లకి ఈ సంగతి తెలిసిరాదు. వాళ్ల కుక్కలూ ఇంతే లాగుతుంటాయి, ఎవరూ కింద పడరు కాబట్టి ఎవరూ ఉత్తరం రాయరు.

మరి వాడెందుకు లాగుతున్నాడు? మిమ్మల్ని లెక్కచేయక కాదు, ఇంటికి యజమాని తనే అనుకునీ కాదు. ఇలాంటివి ఎవరు చెప్పినా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయండి. మొదటి కారణం మరీ చిన్నది: మన నడక గంటకి అయిదు కిలోమీటర్లు. పొడుగు కాళ్ల కుక్కకి ఒళ్లు అలవకుండా సాగే పరుగులాంటి నడక అంతకంటే వేగం. మనతో నడవడమంటే వాడికి పెళ్లి ఊరేగింపులో నడిచినట్టే. రెండో కారణం అసలైంది. లాగితే పని జరుగుతోంది. చెట్టు దగ్గరికి వెళ్లాలి, లాగాడు, చెట్టొచ్చింది. గేటు దాటాలి, లాగాడు, దాటాడు. బిగిసిన లీష్‌తో మీరు ముందుకేసిన ప్రతి అడుగూ వాడి లాగుడికి మీరిచ్చిన జీతం. ఎవరూ నేర్పకుండానే రోజుకి కొన్ని వందల సార్లు పాఠం అవుతోంది. మూడోది, వెనక్కి లాగితే ముందుకి తూగడం ఒంటికి సహజం. మీ భుజం పట్టుకుని ఎవరైనా వెనక్కి గుంజితే మీరూ తూలకుండా ముందుకే కాస్తారు కదా. మీరు లీష్ బిగబట్టుకుంటే వాడికి కాసుకోడానికి ఒక గోడ దొరికినట్టు. లీష్ బిగిసిందంటే రెండు కొసలా లాగుడుంటేనే బిగుస్తుంది, ఒక కొస వాడి మెడ దగ్గరుంది, రెండోది మీ చేతిలో.

కాబట్టి చేయాల్సింది రెండు ముక్కల్లో చెప్తాను. బిగిసిన లీష్‌తో ఒక్క అడుగు కూడా ముందుకి పడకూడదు. వదులుగా ఉన్న లీష్‌తో పడిన అడుగులకి ఏదో ఒకటి దొరకాలి. మీరు నాలుగు రోజులు చేసింది మొదటి ముక్క. రెండోది వదిలేశారు, అందరూ వదిలేసేది దాన్నే. లాగితే బండి ఆగిపోతోందని వాడికి తెలిసింది, ఏం చేస్తే కదుల్తుందో తెలీదు. తెలియనప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? లిఫ్ట్ రాకపోతే బటన్ ఇంకా గట్టిగా, ఇంకా ఎక్కువసార్లు నొక్కుతాం. బ్రూనో కూడా అదే చేశాడు. ఇన్నాళ్లూ పనిచేసిన ఉపాయం పనిచేయడం మానేస్తే, వదిలేసే ముందు ఒకసారి రెట్టింపు చేసి చూడటం మామూలే. మీరు ఓడిపోయాననుకున్న నాలుగో రోజు నిజానికి బాగా జరుగుతున్న రోజు. అయితే ఒక్క మాట, ఆ రెట్టింపు లాగుడికి విసిగిపోయి "సరే పద" అన్నారో, ఇకపై ఇంత గట్టిగా లాగితే గానీ పని కాదని నేర్చుకుంటాడు.

సామాను సంగతి. మీవారికి ఈ పేరా చదివి వినిపించండి. మెడకి బిగుసుకునే గొలుసుతో జెర్క్ ఇస్తే కొన్ని కుక్కలు నిజంగానే లాగడం తగ్గిస్తాయి, అబద్ధమెందుకు. నొప్పి కాబట్టి తగ్గిస్తాయి. కానీ ఆ నొప్పి తన లాగుడు వల్ల వచ్చిందని కుక్క అనుకోవాలని రూలేమీ లేదు. ఆ క్షణాన ఎదురుగా ఏం కనపడుతుంటే దాని ఖాతాలో వేస్తుంది. ఎదురుగా పిల్లి, మెడ నొక్కుకుంది. ఎదురుగా చిన్నపిల్ల, మెడ నొక్కుకుంది. పది రోజులు ఇలా గడిస్తే ఇంట్లో బాబు చెవి పట్టుకున్నా ఊరుకునే కుక్క వీధిలో పిల్లల్ని చూసి గుర్రుమనడం మొదలుపెడుతుంది, అప్పుడు "ఎంత మంచివాడు, ఏమైందో" అంటూ ఇంకో ఉత్తరం. అది పక్కన పెట్టినా, 2006లో అచ్చయిన ఒక పరిశీలనలో కుక్కలు కాలర్‌తో లాగినప్పుడు కంటి లోపలి ఒత్తిడి పెరిగింది, ఛాతీకీ వీపుకీ చుట్టి కట్టే పట్టీల హార్నెస్‌తో లాగినప్పుడు అలా పెరగలేదు. అది మామూలు కాలర్ సంగతి, జెర్కుల సంగతి కాదు. కుక్కల ప్రవర్తన చూసే అమెరికా పశువైద్యుల సంఘం 2021లో, శిక్షణకి ప్రోత్సాహం మీద నడిచే పద్ధతులే వాడమని తేల్చి చెప్పింది. షాక్ ఇచ్చే కాలర్లనైతే వేల్స్ దేశం 2010లోనే నిషేధించింది.

మీకు కావాల్సింది ఛాతీ ముందు రింగున్న హార్నెస్. వీపు మీద మాత్రమే రింగున్నది కాదు. అది లాగడానికి ఎంత హాయిగా ఉంటుందంటే, బండ్లు లాగే కుక్కలకి కాలర్ కాకుండా హార్నెస్ కట్టేది అందుకే. రింగు ముందుంటే, వాడు ముందుకి దూకినప్పుడు ఒళ్లు పక్కకి తిరిగి మీ వైపుకి వస్తాడు. ముందు నుంచి చూస్తే పట్టీలు మెడ కింద రెండుగా చీలి భుజాలకి అడ్డం రాకుండా ఉండాలి. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, మూడు దూరితే వదులు. షెల్టర్ నుంచి వచ్చిన కుక్కలు బెదిరితే హార్నెస్‌లోంచి వెనక్కి జారిపోగలవు, అందుకని చిన్న తాడు ముక్కతో హార్నెస్ రింగునీ కాలర్ రింగునీ కలిపి ఉంచండి. లీష్ ఆరడుగుల బట్ట పట్టీ చాలు. చేతిలో డబ్బాలోంచి సాగుతూ ముడుచుకునేవి మాత్రం వద్దు. అవి ఎప్పుడూ కాస్త బిగువుగానే ఉంటాయి, పైగా లాగితేనే పొడుగవుతాయి, మనం నేర్పబోయేదానికి సరిగ్గా ఉల్టా.

పట్టుకునే తీరు కూడా చెప్పాలి, అరచేతులు దోక్కుపోయాయన్నారు కదా. లీష్ చివర ఉచ్చుని బొటనవేలికి తగిలించి గుప్పిట మూయండి, ఆ గుప్పిటని బొడ్డు దగ్గర ఆనించండి. మణికట్టుకి చుట్టుకోవద్దు, వేళ్లకి మెలివేసుకోవద్దు, నడుముకి కట్టుకోవద్దు. 38 కిలోల కుక్క ఒక్కసారి దూకితే వేలెముక విరగడం వింత కాదు. ముందుకి చాపిన చేతికి పట్టు ఉండదు, ఒంటికి ఆనిన చేతి వెనక మీ 54 కిలోలూ ఉంటాయి.

ఇక పాఠం. ఇంట్లో మొదలుపెట్టండి, వీధిలో కాదు. వీధిలో నేర్పడమంటే సంతలో కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పడం. హాల్లో లీష్ తగిలించి, జేబులో శనగగింజంత ట్రీట్లు ఒక ముప్పై వేసుకుని నడవండి. వాడు మీ పక్కన ఉన్నంతసేపూ, మీ కాలి పక్కనే, పంట్లాం కుట్టు దగ్గర చెయ్యి దింపి ఇవ్వండి. ట్రీట్ ఎక్కడ దొరుకుతుందో కుక్క అక్కడే తిరుగుతుంది, ముఖానికి ఎదురుగా ఇస్తే ముందుకొచ్చి మీ కాళ్లకి అడ్డం పడుతుంది. మొదట రెండడుగులకి ఒకటి, తర్వాత నాలుగుకి, తర్వాత ఎప్పుడిస్తారో తెలీనట్టు ఒకసారి మూడుకి, ఒకసారి తొమ్మిదికి. అయిదు నిమిషాలు, రోజుకి రెండు మూడుసార్లు. మీ కళ్లు ఉండాల్సింది కుక్క మీద కాదు, లీష్ చివర క్లిప్పు మీద. ఆ క్లిప్పు నేలవైపు వేలాడుతుంటే లీష్ వదులుగా ఉన్నట్టు. క్లిప్పు పైకి లేచి అడ్డంగా పడుకుందంటే ఇంకో క్షణంలో బిగుస్తుంది. ఆ ఒక్క క్షణం దొరికితే చాలు, పేరు పెట్టి పిలిచి పక్కకి తిరిగిపోవచ్చు, బిగిశాక చేసేదానికంటే పదోవంతు శ్రమ.

గేటు దగ్గర మొదలవుతుందన్నారు, కానీ గేటు దగ్గర కాదు, మీరు లీష్ కొక్కేనికున్న చోట చెయ్యి పెట్టగానే మొదలవుతుంది, గమనించండి. లీష్ తీస్తారు, వాడు గుండ్రంగా తిరుగుతాడు, ఎగురుతాడు. తీసి మళ్లీ తగిలించేసి వచ్చి కూర్చోండి. మంచినీళ్లు తాగండి. నిదానించాక మళ్లీ. తలుపు తీయడమూ అంతే, దూకబోతే తలుపు మూసుకుంటుంది, నాలుగు కాళ్లూ నేల మీదుంటే తెరుచుకుంటుంది. మొదటి రోజు గేటు దాటేసరికి మీ నడక టైమంతా అయిపోతుంది. అవనివ్వండి. ఉడుకుతున్న కుక్కని బయటికి తీసుకెళ్లి చల్లార్చడం నావల్ల కూడా కాదు.

వీధిలోకి వచ్చాక ముందు వాడి పని వాడిని కానివ్వండి, ఒంటేలు ఆపుకుంటున్నవాడికి పాఠాలెక్కవు. ఆ తర్వాత దూరం లెక్క మానేయండి. మీ గేటు నుంచి ముప్పై మీటర్ల లోపలే పదిహేను నిమిషాలు, ముందుకీ వెనక్కీ. చూసేవాళ్లు నవ్వుకుంటారు, పర్లేదు. లీష్ బిగిసిందా, ఆగిపోండి. జెర్క్ ఇవ్వొద్దు, పిలవొద్దు, బతిమాలొద్దు, గుప్పిట బొడ్డు దగ్గరే. వాడు ముందుకే చూస్తూ నిలబడతాడు, పది సెకన్లు, ఒక్కోసారి నిమిషం. తర్వాత ఒక చెవి మాత్రం వెనక్కి తిరుగుతుంది. ఆ తర్వాత బరువు ముందు కాళ్ల మీంచి వెనక కాళ్ల మీదికి మారుతుంది, అంగుళమంత. క్లిప్పు కిందికి దిగుతుంది. అదే. ఆ అంగుళానికే "శెభాష్" అని కదలండి. పూర్తిగా తిరిగొచ్చి మీ పక్కన కూర్చునేదాకా ఆగితే వాడికి దేనికి కదిలారో అర్థం కాదు.

ఇక్కడ ఒక గుంట ఉంది, తెలివైన కుక్కలన్నీ మనల్ని అందులో పడేస్తాయి. లాగుతాడు, మీరు ఆగుతారు, వెనక్కొస్తాడు, ట్రీట్ ఇస్తారు, తిని మళ్లీ లాగుతాడు. రెండు రోజుల్లో ఇదో ఆటైపోతుంది: లాగి తిరిగొస్తే ట్రీట్. అందుకే తిరిగొచ్చినందుకు నడక మాత్రమే దొరకాలి, ట్రీట్ ఆ తర్వాత నాలుగైదడుగులు వదులు లీష్‌తో పడ్డాకే.

ట్రీట్లే కాదు, వాసన కూడా జీతమే, ఇంకా మాట్లాడితే పెద్ద జీతం. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు 50, 60 లక్షలైతే కుక్కకి 30 కోట్ల దాకా ఉంటాయని లెక్క. ఆ స్తంభం మొదట్లో వాడు నిమిషం సేపు ఏం చదువుతున్నాడో మనకి తెలిసే దారి లేదు. 2019లో ఒక పరిశోధనలో రెండు వారాలు ముక్కుతో వెతికే ఆట ఆడిన కుక్కలు, తెలియని గిన్నెని చూసినప్పుడు అందులో మంచిదే ఉంటుందన్న ఆశతో త్వరగా వెళ్లాయి, పక్కన నడవడం మాత్రమే చేసినవాటిలో ఆ తేడా రాలేదు. కాబట్టి అయిదడుగులు బాగా నడిచాక "పో, చూసుకో" అని చెట్టు దగ్గరికి మీరే తీసుకెళ్లండి. లాగి వెళ్తే దొరకని చెట్టు నడిచి వెళ్తే దొరికిందన్నమాట. సైనికుడిలా అరగంటసేపు కాలికంటుకుని నడవక్కర్లేదు. లీష్ వదులుగా ఉంటే చాలు, ముందున్నా పక్కనున్నా నాకైతే పట్టింపు లేదు.

రోజూ ఇంత ఓపిక ఉండదు, నాకూ ఉండదు. ఆఫీసుకి టైమవుతుంటే ముప్పై మీటర్ల పాఠం కుదరదు. అందుకని ముందూ వీపు మీదా రెండు చోట్లా రింగులున్న హార్నెస్ తీసుకోండి. పాఠం చెప్పే నడకకి ముందు రింగు. పాఠం చెప్పలేని రోజు ఏ ఖాళీ జాగాలోనో వీపు రింగుకి తగిలించి, కొంచెం లాగినా పట్టించుకోకుండా పని ముగించుకురండి. ఏ రింగుకి ఏ రూలో కుక్కకి చాలా త్వరగా తెలిసిపోతుంది. రూలు ఒకరోజు ఉండి ఒకరోజు లేకపోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం, ఎందుకంటే అప్పుడప్పుడూ ఫలించే అలవాటంత మొండిది ఇంకోటి లేదు, లాటరీ కొనేవాళ్లని చూడండి. ఇంట్లో అందరిదీ ఒకటే రూలు కావాలి. మీరు ఆగుతూ, మీవారు లాగనిస్తూ ఉంటే మీరే నష్టపోతారు.

పిల్లి విషయం వేరే. అది పాఠం టైము కాదు, గండం గట్టెక్కే టైము. దూరంగా పిల్లి మీకు ముందు కనపడితే తిరుగు ముఖం పట్టండి. తప్పకపోతే గుప్పిట బొడ్డుకి, రెండో చెయ్యి లీష్ మధ్యలో, మోకాళ్లు కొంచెం వంచి, పక్కకి తిరిగి నిలబడండి, గుప్పెడు ట్రీట్లు వాడి ముక్కు కింద నేల మీద చల్లండి. తిన్నా తినకపోయినా ఒక సెకను తల దించితే మీరు తిరిగిపోవచ్చు.

ఎన్నాళ్లంటారు? షెల్టర్లవాళ్లు ఒక మాట చెప్తుంటారు: మూడు రోజులు బెదురు, మూడు వారాలకి ఇంటి పద్ధతులు తెలియడం, మూడు నెలలకి ఇది నా ఇల్లు అనిపించడం. కొలత కాదనుకోండి, మోటు లెక్క. ఆ లెక్కన వాడింకా కుదురుకుంటూనే ఉన్నాడు. రోజూ చేస్తే మీ గేటు ముందు వీధిలో మూడు నాలుగు వారాల్లో తేడా కనపడుతుంది, పిల్లులున్న వీధిలో నెలలు పడుతుంది. మధ్యలో ఒకరోజు ఏమీ నేర్చుకోనట్టు మళ్లీ ఈడుస్తాడు, ఆ రోజు ఇంటికి తీసుకొచ్చేసి దాగుడుమూతలు ఆడించండి. పది కిలోమీటర్లు పరిగెత్తించి అలసిపోయేలా చేస్తే లాగడని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, నెల తిరిగేసరికి పది కిలోమీటర్లకి అలవాటుపడిన లాగే కుక్క మీ చేతిలో ఉంటుంది. రెండు నెలల తర్వాత కూడా తిరిగి ఇచ్చేయాలనే అనిపిస్తే అప్పుడు మళ్లీ రాయండి, తిట్టను.

ప్రశ్న: మా ఆడ జర్మన్ షెపర్డ్ 32 కిలోలు, ఏడాది కిందట దత్తత తీసుకున్నాం. మామూలుగా బాగానే నడుస్తుంది. వేరే కుక్క కనపడితే మాత్రం వెనక కాళ్ల మీద లేచి ఒకటే అరుపులు. లీష్ లేకుండా ఆవరణలో వదిలితే అవే కుక్కలతో ఆడుకుంటుంది. ఇదేం చిత్రం? – ఇంకో పాఠకుడు

జవాబు: చిత్రమేమీ కాదు, వదిలినప్పుడు తనకి దారులున్నాయి. కుక్కలు ఒకదాన్నొకటి పలకరించుకునేటప్పుడు తిన్నగా ముక్కులకి ముక్కులు రావు, వంపు తిరిగి పక్కనుంచి వస్తాయి, నచ్చకపోతే తప్పుకుంటాయి. లీష్ మీద మనం వాటిని ఇరుకు దారిలో ఎదురెదురుగా నడిపించుకుంటూ వెళ్తాం. తనకి వంపు తిరిగి వెళ్లడమూ కుదరదు, తప్పుకోవడమూ కుదరదు. పైగా ఎదుటి కుక్క మీకు ముందు కనపడుతుంది, టెన్షన్‌తో లీష్ బిగబడతారు, ఆ బిగువుతోనే తనకి కబురందిపోతుంది.

మీరు వెతకాల్సింది ఒక దూరం. అవతలి కుక్కని చూసి కూడా ట్రీట్ తినగలిగే దూరం. కొన్నిటికి అది ఇరవై మీటర్లు, కొన్నిటికి వంద. ఆ దూరంలో నిలబడి, తను ఆ కుక్కని చూసిన వెంటనే ట్రీట్, చూసిన వెంటనే ట్రీట్. చూడకముందు కాదు, అరిచాక కాదు. కొన్నాళ్లకి కుక్క కనపడగానే "ఏదీ నా ట్రీట్" అని మీ ముఖం చూస్తుంది. అది చూసిన రోజు మీకు పండగే. అప్పుడు ఒకటి రెండు మీటర్లు దగ్గరికి జరగండి. ట్రీట్ ముట్టకపోయినా, చేతిని కరుస్తున్నట్టు లాక్కున్నా మరీ దగ్గరికొచ్చేశారని గుర్తు. ఇరుకు దారిలో ఎదురైతే మొహమాటం లేకుండా అవతలి పక్కకి దాటేయండి, ఆగి ఉన్న కారు వెనక్కి వెళ్లండి. "మా కుక్క ఫ్రెండ్లీ అండీ" అంటూ దగ్గరికొచ్చేవాళ్లకి "మాది కాదండీ" అని చెప్పడం నేర్చుకోండి, అబద్ధమైనా సరే.

అరుపుల దగ్గరే ఆగకుండా పళ్లు దిగిన సందర్భం ఒక్కటున్నా ఇది చదివి సొంతంగా చేయొద్దు. మూతికి తొడిగే, నోరు తెరిచి రొప్పగలిగే బుట్టలాంటి మజిల్ మెల్లగా అలవాటు చేసి, ప్రవర్తన తెలిసిన పశువైద్యులకి చూపించండి.

ప్రశ్న: గుర్రానికి కట్టినట్టు ముక్కు మీంచి వచ్చే పట్టీ వాడితే పెద్ద కుక్క వేలితో నడిచొస్తుందట, నిజమేనా?

జవాబు: చాలావరకు నిజమే, తల ఎటు తిరిగితే ఒళ్లు అటు తిరుగుతుంది. చేతుల్లో బలం తక్కువైనవాళ్లకి మంచి సాయం. కానీ తెచ్చిన రోజే కట్టి వీధిలోకి తీసుకెళ్తే ఊరంతా ముక్కుని నేలకి రాసుకుంటూ తిరుగుతుంది. ముందు పట్టీ కన్నంలోంచి ట్రీట్ ఇవ్వండి, ముక్కు తనే దూర్చేదాకా, వారం పది రోజులు. దానితో జెర్క్ ఇవ్వకూడదు, పొడుగు తాడు కట్టకూడదు, కుక్క పరిగెత్తి తాడు చివర ఆగితే మెడ మెలి తిరుగుతుంది. మూతి పొట్టి జాతులకి నిలవదు.

ప్రశ్న: మా నాన్నగారికి 71. మా 40 కిలోల కుక్కని ఉదయం తనే తిప్పుతానంటారు. వద్దంటే నొచ్చుకుంటారు.

జవాబు: నొచ్చుకోనివ్వండి. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే జరిగేదానికంటే ఇది నయం. మీరు లీష్ పట్టుకోండి, ట్రీట్ల సంచి ఆయన చేతికివ్వండి, పక్కన నడుస్తూ ఇవ్వడం ఆయన పని. ఇంట్లో పాఠాలన్నీ ఆయన్నే చెప్పమనండి, రిటైరైనవాళ్ల ఓపిక మనకెక్కడిది. ఆరు నెలలు ఒక్కసారి కూడా గుంజలేదని మీకు నమ్మకం కుదిరాక, మనుషులూ కుక్కలూ లేని వేళ చూసి అప్పుడు ఆలోచించవచ్చు. పదేళ్ల పిల్లల చేతికి పెద్ద కుక్క లీష్ ఇచ్చి ఫొటోలు తీసేవాళ్లకీ ఇదే మాట.

ప్రశ్న: అందరి కుక్కలూ లాగుతాయట, మాది నడవదు. తెచ్చి నెలైంది, అయిదేళ్ల పెద్ద కుక్క. వీధి మధ్యలో కూలబడుతుంది. 45 కిలోలని ఎత్తుకుని తేలేను కదా.

జవాబు: లాగకండి, ముందు అది. మీరు లాగితే అది వెనక్కి కాస్తుంది, పైన చెప్పినదే తలకిందులుగా. ఎక్కడ కూర్చుంటోందో వారం రోజులు రాసుకోండి. ఒకే మలుపు దగ్గరైతే అక్కడ ఏదో భయపెడుతోంది, దానికి ముందే వెనక్కి తిరగండి, రోజూ కాస్త కాస్త దగ్గరవ్వండి. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మాత్రమే కూర్చుంటే ఇంటికి రావడం ఇష్టం లేదు, గుమ్మంలోకి రాగానే ఏదైనా మంచిది దొరికేలా చూడండి. ఎండ వేళైతే మీ అరచెయ్యి వెనకభాగం ఏడు సెకన్లు రోడ్డు మీద ఆనించి చూడండి, మీరు ఉంచలేకపోతే దానికీ కాలుతోంది.

ఈ మూడూ కాకపోతే కీళ్లనొప్పి అనుకోవాలి. పెద్ద జాతుల్లో తుంటి కీలు సరిగా అమరకపోవడం మామూలే, మోచేయి కీలూ అంతే. లేచేటప్పుడు ముందు కాళ్ల మీదే ఒళ్లంతా ఎత్తుతోందా, మెట్ల దగ్గర రెండు వెనక కాళ్లూ కలిపి కుందేలులా వేస్తోందా చూడండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే ముందు ఇంటి దగ్గర అది నడవడం, లేవడం, కూలబడటం ఫోన్‌లో వీడియో తీసుకెళ్లండి, అక్కడికెళ్లాక బెదురులో చాలా కుక్కలు కుంటడం మర్చిపోతాయి.